మన బాల్యం వేరు, వారి బాల్యం వేరు

మనలను పుట్టించి, మనకు సంతానాన్ని ప్రసాదించి, తరం వెంట తరాన్ని ఈ నేలపై నడిపిస్తున్న అల్లాహ్‌కే స్తోత్రములు. అంతిమ దైవప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులందరిపైన శాంతి, శుభాలు వర్షించుగాక. అమ్మా బాద్.



దివ్య ఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరా 133వ వాక్యం మనలను ఒక మరణశయ్య వద్దకు తీసుకొనిపోతుంది. హజ్రత్ యాఖూబ్ (అ) అంతిమ ఘడియలలో ఉన్నారు. కుమారులందరినీ చుట్టూ కూర్చోబెట్టుకొని వారిని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. తాము కన్ను మూసిన తరువాత వారు ఎవరిని ఆరాధిస్తారన్నదే ఆ ప్రశ్న. మందలు ఎవరికి, ధాన్యం ఎవరికి అన్న ప్రస్తావన అక్కడ లేదు.

ఆ ప్రశ్న అడిగిన సమయాన్ని, స్థలాన్ని గమనించండి. హజ్రత్ యూసుఫ్ (అ) పిలుపు మీద ఆ కుటుంబం యావత్తు ఎడారి బ్రతుకును విడిచి ఈజిప్టుకు తరలివచ్చింది. వ్యాఖ్యాతలు చెప్పినదానిని బట్టి యాఖూబ్ (అ) కన్ను మూసింది కూడా అక్కడే. ఆయన బాల్యం గుడారాలలో, గొర్రెల మందల నడుమ గడిచింది. మనుమలు మాత్రం నైలు నది ఒడ్డున, పరాయి రాజు నగరంలో, పరాయి భాష వింటూ పెరగబోతున్నారు. తాతకు తెలిసిన బాల్యం వేరు, మనుమలకు దక్కబోయే బాల్యం వేరు. ఆ సంగతి ఆ తాతకు తెలుసు. అయినా ఆయన కుమారులను తిరిగి గుడారాలకు పొమ్మనలేదు. ఎక్కడ పెరిగినా, ఏ భాషలో పెరిగినా ఏది చేజారకూడదో దానిని గురించే అడిగారు.

ఈనాటి మన విషయం ఇదే. మన పిల్లలు, వారి పిల్లలు పెరగబోయే తీరు మనం పెరిగిన తీరులా ఉండదు. అప్పుడు మనం చేయవలసినది ఏమిటి?

మగ్రిబ్ తరువాత మస్జిద్ అరుగు మీద పెద్దలు కూర్చొని మాట్లాడుకొనే మాటలు మేము ప్రతిదినమూ వింటూనే ఉంటాము. ఈ కాలపు పిల్లలకు భయభక్తులు లేవు, మా కాలమే మంచిది అన్నది అక్కడ ఎప్పుడూ వినబడే పల్లవి. మరికొందరు యువకులు ఫోనులో ఒక సందేశం చూపి, పిల్లలను మీ కాలానికి తగినట్లు కాక వారి కాలానికి తగినట్లు పెంచమని హజ్రత్ అలీ (రజి) చెప్పారని అంటారు. ఆ మాటలో అర్థం లేకపోలేదు. కాని అది హజ్రత్ అలీ చెప్పినట్లు రుజువు చేసే విశ్వసనీయమైన సనద్ లేదు. గ్రీకు తత్త్వవేత్తల పేరుతో కూడా అది తిరుగుతూ ఉంటుంది. మాట బాగున్నదని చెప్పి దానిని సహాబీకి అంటగట్టడం మనకు తగదు. సందర్భం వచ్చింది గనుక చెబుతున్నాము, ఫోనులో వచ్చిన ప్రతి వాక్యాన్నీ హదీసు అని పదిమందికి పంపించకండి.

ఇక మా కాలమే మంచిది అనే మాట. పెద్దలు క్షమించాలి, అది సగం నిజమే. ఈ పరిగి మండలంలో, హిందూపురం చుట్టుపక్కల పల్లెలలో నలభై, యాభై ఏళ్ళ క్రితం బాల్యం ఎలా ఉండేది? వేరుశనగ కోతల కాలం వచ్చిందంటే బడికి సెలవు ఇచ్చినా, ఇవ్వకపోయినా పిల్లవాడు చేలోనే ఉండేవాడు. పట్టుపురుగులు పెంచే ఇండ్లలో తెల్లవారక ముందే మల్బరీ ఆకు కోయడానికి చిన్నపిల్లలను లేపేవారు. పురుగు గూడు కట్టే రోజులలో ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. ధర్మవరంలో గుంత మగ్గాల వద్ద అక్షరం రాని పసివేళ్ళు పట్టుపోగులు అందించేవి. ఆడపిల్ల సంగతి సరేసరి. ఐదవ తరగతి దాటితే చాలునన్నారు, అది కూడా దాటనివారే ఎక్కువ.

అది బంగారు కాలమని మేము మింబర్ మీద నిలబడి చెప్పలేము. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. 6 నుండి 14 ఏళ్ళ వరకు ప్రతి బిడ్డకూ బడి హక్కు అయ్యింది. ఈనాడు మన వీధులలో ఉదయం ఎనిమిది గంటలకు హిజాబ్ ధరించి పుస్తకాల సంచీతో బడికి వెళ్ళే ఆడపిల్లలను చూస్తున్నాము. వారి నానమ్మలకు ఆ భాగ్యం లేదు. జ్ఞానార్జనను విధిగా చేసిన ధర్మానికి చెందిన మనం, ఈ మార్పు ఎవరో బయటివారు తెచ్చిపెట్టారన్నట్లు ముఖం చిట్లించుకోవడం విడ్డూరం కాదా?

అయితే పోయినవి కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి చెబితే మీకు నవ్వు రావచ్చు. ఈత. మన తరం వారు దిగుడు బావులలో ఈత నేర్చారు. నడుముకు ఎండిన సొరకాయ బుర్రనో, తాడునో కట్టి చాచా బావిలోకి తోసేవాడు, మూడవ రోజుకు ఈత వచ్చేది. తరువాత బోర్లు వచ్చాయి. వాన తక్కువైన ఈ సీమలో బోరు లోతు పెరిగిన కొద్దీ పాత బావులు ఎండిపోయాయి, కొన్నింటిని పూడ్చివేశారు. అలా ఒక తరం మొత్తం ఈత రాకుండానే పెరిగింది. 2021లోను, 2022లోను వానలు బాగా కురిసి వాగులు, చెరువులు నిండినప్పుడు తల్లిదండ్రుల గుండెలు దడదడలాడాయి. నీరు రావడం అల్లాహ్ కరుణ, కాని మన పిల్లలకు నీరు కొత్త. పెన్నా, జయమంగళి పారే ఊళ్ళలో, ఇంత పెద్ద పరిగి చెరువు పక్కన, ఈత రాని పిల్లలు! ఇమామ్ నసాయీ సేకరించిన ఒక హదీసులో, వ్యర్థం కాని నాలుగు ఆటలను పేర్కొంటూ దైవప్రవక్త (స) అందులో ఈత నేర్చుకోవడాన్ని కూడా చేర్చారు. కాలం మారితే ఏమి నేర్పడం ఆగిపోయిందో కూడా లెక్క చూసుకోవాలి. మునుపు తనంతట తానే వచ్చిన విద్యను ఇప్పుడు పూనుకొని నేర్పవలసి వస్తుంది. ఈ ఒక్క మాట జ్ఞాపకం ఉంచుకోండి, దీన్ విషయంలో కూడా జరిగినది ఇదే.

ఎలాగంటారా? మనకు దీన్ ఎవరు నేర్పారు? ఆలిమ్ సాహెబ్ వారానికి ఒకసారి చెప్పినది ఎంత? దాదీ పక్కన పడుకొని విన్నది ఎక్కువ. యూసుఫ్ (అ) కథ, తిమింగలం కడుపులో యూనుస్ (అ) కథ, తినే ముందు బిస్మిల్లాహ్, తుమ్మితే అల్‌హమ్దులిల్లాహ్, ఇవన్నీ ఏ పుస్తకమూ తెరవకుండానే వచ్చాయి. ఇంటినిండా చాచాలు, ఫుప్పూలు, ఖాలాలు, మామూలు, వారి పిల్లలు. ఒకరు చెప్పకపోతే మరొకరు చెప్పేవారు. తండ్రి కోపగిస్తే దాదా ఒడి ఉండేది.

ఇప్పుడు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. 1992–93లో మన దేశంలోని ముస్లిం కుటుంబాలలో ఒక స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు. 2019–21 నాటికి అది 2.4కు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అన్ని వర్గాలనూ కలిపి చూస్తే 1.7 మాత్రమే. దీనిలోని తప్పొప్పుల చర్చ ఈనాటి విషయం కాదు. కాని దీని అర్థం ఏమిటో ఆలోచించండి. ఇద్దరు పిల్లలున్న ఇంటిలో పుట్టినవారు పెళ్ళి చేసుకొని మళ్ళీ ఇద్దరినే కంటే, ఆ పిల్లలకు ఒక చాచా ఉంటే ఖాలా ఉండకపోవచ్చు, ఫుప్పూ ఉంటే మామూ ఉండకపోవచ్చు. ఒక్కొక్క పిలుపు ఒక్కొక్క ఇంటి నుండి వెళ్ళిపోతుంది. ఈద్ నాడు పిల్లవానికి ఈదీ ఇచ్చే చేతులు తగ్గడం చిన్న విషయమే. వానిని గమనించే కళ్ళు తగ్గడం చిన్న విషయం కాదు.

పైగా ఉన్న తండ్రి కూడా ఇంటిలో లేడు. హిందూపురం నుండి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. రైలు ఎక్కి వెళ్ళి వారానికో, నెలకో తిరిగివచ్చే తండ్రులు మన సఫ్‌లలో ఎందరున్నారో మీకే తెలుసు. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం పని ప్రారంభించింది. దానితో పాటు విడిభాగాల కర్మాగారాలు వచ్చాయి. ఉపాధి దొరికింది, అల్‌హమ్దులిల్లాహ్. హలాల్ సంపాదన ఇబాదత్. కాని రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పడుకొనే వేళకు బిడ్డ బడికి వెళుతుంది, బిడ్డ వచ్చే వేళకు తండ్రి మళ్ళీ బయలుదేరుతాడు. తల్లి కూడా బట్టల కర్మాగారానికి వెళితే ఆ ఇంటిలో సాయంత్రం నాలుగు నుండి ఎనిమిది వరకు బిడ్డకు తోడు ఎవరు?

జవాబు మీ జేబులోనే ఉన్నది. ఫోను.

ఫోనును తిట్టడానికి మేము ఈ మాట ఎత్తలేదు. దూరాన ఉన్న తండ్రి ముఖం బిడ్డకు చూపించేది కూడా అదే. మంచి ఖారీల పారాయణం ఈ పల్లెలో వినబడుతున్నదంటే దాని వల్లనే. కాని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాట విని ఉండండి. ఏడాది నిండని బిడ్డకు తెర అసలు చూపరాదు, రెండు నుండి నాలుగు ఏళ్ళ వారికి రోజుకు ఒక గంట మించరాదు. మనమో, ముద్ద నోట పెట్టడానికి కూడా ఫోను చేతికి ఇస్తున్నాము. ఆస్ట్రేలియా దేశం 2025 డిసెంబరు 10 నుండి 16 ఏళ్ళ లోపు పిల్లలకు సామాజిక మాధ్యమాల ఖాతాలు ఉండరాదని చట్టాన్ని అమలు చేసింది. అంత సంపన్న దేశమే భయపడిన విషయం ఇది. మన ఇంటిలో ఆ చట్టం చేయవలసినది ఎవరు? ప్రతి ఒక్కరూ ఒక కాపరి, ప్రతి కాపరీ తన మందను గురించి ప్రశ్నించబడతాడన్న భావం గల హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. ఫోను కొనిచ్చినవాడే దానికి హద్దు గీయాలి.

రాబోయే కాలంలో ఇంకొకటి ఉన్నది. పిల్లలు ఇప్పుడు యంత్రాన్ని ప్రశ్నలు అడుగుతున్నారు. మా మక్తబ్‌లోనే ఒక బాలుడు, రోజాలో పళ్ళు తోముకోవచ్చునా అని అడిగి జవాబు తెచ్చుకొన్నాడు. జవాబు బాగానే ఉన్నది. దానికి జతగా ఇచ్చిన హదీసు సంఖ్య మాత్రం చెప్పిన గ్రంథంలో లేదు. గ్రంథం తెరిచి వానికి చూపాము. వాడు ఆశ్చర్యపోయి, ఇంత ధీమాగా ఎలా చెప్పింది అని అడిగాడు. మేము సంతోషించాము. హదీసు విద్వాంసులు సనద్ శాస్త్రాన్ని నిర్మించినది ఆ ప్రశ్నతోనే కదా! ఎవరు చెప్పారు, ఎవరి నుండి విన్నారు, వారు నమ్మదగినవారేనా? మన పిల్లలు పెరగబోయే లోకంలో జవాబులకు కొరత ఉండదు. ఈ మూడు ప్రశ్నలు వేసే అలవాటు లేకపోతే మాత్రం నిజానికి కరువు వస్తుంది. ప్రశ్నించిన పిల్లవానిని నోరు మూయించే ఉస్తాద్, ఇక ముందు ఆ యంత్రానికి శిష్యులను సరఫరా చేసేవాడవుతాడు.

భాష సంగతి. ఇది మన జమాఅత్‌లో కొంత మనస్తాపం కలిగించే విషయమని మాకు తెలుసు. ఖుత్బాకు ముందు తెలుగులో ప్రసంగించడం, ఆ పాఠాన్ని తెలుగులో అచ్చువేయడం కొందరు పెద్దలకు నచ్చలేదు. ఉర్దూ పోతే దీన్ పోతుందన్నది వారి భయం. ఉర్దూ మాకు ప్రాణం. మేము మద్రసాలో చదివినది ఆ భాషలోనే. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉర్దూను రెండవ అధికార భాషగా చట్టం చేసినప్పుడు మేమూ షుక్ర్ చేశాము. ఇంటిలో మాట్లాడండి, పిల్లలకు లిపి నేర్పండి. కాని ఈ మస్జిద్‌లో ఉన్న పదిహేనేళ్ళ బాలుని చేతికి ఉర్దూ తఫ్సీర్ ఇచ్చి చదవమంటే ఏమవుతుంది? ఇంటిలో మాట్లాడతాడు, చదవలేడు. చదివేది తెలుగు, ఇంగ్లీషు. అతడికి అర్థం కాని భాషలో దీన్‌ను తాళం వేసి ఉంచి, వీడు తలుపు తట్టడం లేదని నిందించడం న్యాయమేనా?

అల్లాహ్ ప్రతి ప్రవక్తనూ ఆ జాతి భాషతోనే పంపినట్లు ఇబ్రాహీం సూరా 4వ వాక్యంలో తెలియజేశాడు. షా వలీయుల్లాహ్ ఖుర్ఆన్‌ను ఆనాటి విద్యావంతుల భాష అయిన ఫార్సీలోకి అనువదించారు. ఆయన కుమారుడు షా అబ్దుల్ ఖాదిర్ 1790 ప్రాంతంలో ఉర్దూ అనువాదం పూర్తి చేశారు. తండ్రి కాలపు ఫార్సీ కుమారుని కాలపు సామాన్యునికి చాలలేదన్న మాట. అంటే ఉర్దూ కూడా ఒకనాడు కొత్త తరం భాషే. ఇక తెలుగు మనకు పరాయిదా? మన జిల్లాలలో దూదేకుల సోదరుల ఇండ్లలో ఎన్నో తరాలుగా తెలుగే ఇంటిభాష. ఆ తల్లులు తెలుగులోనే బిడ్డలకు కలిమా అర్థం చెప్పారు, తెలుగులోనే దుఆ చేశారు. వారి దీన్ ఎక్కడికీ పోలేదు. అనంతపురం కళాశాలలో అధ్యాపకులైన చిలుకూరి నారాయణరావుగారు ముస్లిం కాకపోయినా ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చారు. ఆయన పూనుకొన్న పనికి మనం వెనుకాడడమేమిటి?

సోదరులారా, పిల్లలతో ఎలా మాట్లాడాలన్నది దివ్య ఖుర్ఆన్ నేర్పింది. లుఖ్మాన్ సూరాలో ఆ జ్ఞాని తన కుమారునికి ఉపదేశిస్తూ మాటిమాటికీ "యా బునయ్య" అని పిలుస్తారు. అరబ్బీలో అది చిన్న చేసి ముద్దుగా పిలిచే పిలుపు. చిట్టి నాన్నా, నా చిన్ని తండ్రీ అన్నట్లు. షిర్క్ చేయవద్దనే అతి గంభీరమైన మాటను ఆయన ఆ ముద్దు పిలుపుతో ప్రారంభించారు. మన ఇండ్లలో నమాజు మాట ఏ పిలుపుతో మొదలవుతుందో మీకు తెలుసు, మాకూ ఆ గోడల అవతల నుండి వినబడుతూనే ఉంటుంది.

అస్ సాఫ్ఫాత్ సూరా 102వ వాక్యంలో హజ్రత్ ఇబ్రాహీం (అ) తమ కలను కుమారునికి చెప్పి అతని అభిప్రాయం అడిగారు. ఆజ్ఞ అల్లాహ్‌ది, అయినా బిడ్డను అడిగారు. ఆ బిడ్డ తన నోటితోనే సమ్మతి తెలిపాడు. రేపటి పిల్లలు అడగకుండా చెప్పిన మాటను అంగీకరించరు. అది తలబిరుసు అని మనం అనుకొంటాము. ఇబ్రాహీం (అ) ఇంటిలో మాత్రం అది పెంపకంలో ఒక భాగం.

ఆ పిలుపే హూద్ సూరా 42వ వాక్యంలో కూడా ఉన్నది. జలప్రళయంలో హజ్రత్ నూహ్ (అ) కుమారుని "యా బునయ్య" అంటూ ఓడ ఎక్కమని పిలిచారు. కుమారుడు రాలేదు. ప్రవక్త ఇంటి బిడ్డే రాలేదు. చేయవలసినదంతా చేసినా బిడ్డ దారి తప్పిందని లోలోపల కుమిలిపోతున్న తల్లిదండ్రులు ఈ మస్జిద్‌లో ఉంటే, వారిని వేలెత్తి చూపేవారు నూహ్ (అ) కథ చదువుకోవాలి. ఆయన అలల మధ్య కూడా ఆ ముద్దు పిలుపును మానలేదు.

ఇక మన మస్జిద్ విషయం. పిల్లలు అల్లరి చేస్తారని వెనుక సఫ్ నుండి కూడా బయటికి పంపేవారున్నారు. దైవప్రవక్త (స) మనుమరాలు ఉమామాను ఎత్తుకొని నమాజు చేయించారు. సజ్దాలో దించి, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకొన్నారు. పసిబిడ్డ ఏడుపు విని, తల్లి మనసు తల్లడిల్లుతుందని నమాజును కుదించారు. అబూ ఉమైర్ అనే చిన్నవాని పెంపుడు పిట్ట చనిపోతే ఆ పిట్ట సంగతి అడిగి పలకరించారు. ఉమ్మత్ భారమంతా భుజాలపై ఉన్నవారికి ఒక పిట్టను గురించి అడగడానికి తీరిక దొరికింది. పదిమంది పిల్లలున్నా ఒక్కరినీ ముద్దాడలేదన్న అఖ్రా బిన్ హాబిస్‌కు, దయ చూపనివారికి దయ లభించదన్న భావంతో బదులిచ్చారు. మస్జిద్‌లో కసురుకోబడిన పిల్లవానికి బయట పిలిచేవారు చాలామంది ఉన్నారు.

ఆడపిల్లల విషయం మరొకటి, సూటిగా చెబుతాము. 2019–21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20–24 ఏళ్ళ స్త్రీలలో సుమారు 29 శాతం మందికి 18 నిండక ముందే పెళ్ళి జరిగింది. అంటే ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురికి బాల్యమే పూర్తి కాలేదు. కర్మాగారాలకు పోయే తల్లిదండ్రులు, ఒంటరిగా ఉండే బిడ్డకు ఏమవుతుందోనన్న భయంతో తొందరపడుతున్నారని మాకు తెలుసు. ఆ భయానికి విరుగుడు బిడ్డకు కాపలా, తోడు. దానికి నికాహ్ విరుగుడు కాదు. 18 నిండినట్లు పత్రం చూపనిదే మేము నికాహ్ చదివించము. బంధువులైనా, కమిటీ సభ్యులైనా మా వద్దకు సిఫారసుతో రావద్దని కోరుతున్నాము.

కమిటీ పెద్దలతో సంప్రదించి నిశ్చయించిన సంగతులు విని వెళ్ళండి. ట్యూషన్ల వల్ల అసర్ తరువాతి మక్తబ్‌కు పిల్లలు రాలేకపోతున్నారు గనుక, వచ్చే వారం నుండి పెద్ద పిల్లల తరగతి ఇషా తరువాత నలభై నిమిషాలు జరుగుతుంది. ఖుర్ఆన్ అరబ్బీలో, అర్థం తెలుగులో, ఉర్దూ లిపి వారానికి రెండు రోజులు. బడి విడిచిన తరువాత ఇంటిలో పెద్దలు లేని పిల్లలు సాయంత్రం వేళ మస్జిద్ వరండాలో కూర్చొని చదువుకోవచ్చు. దీపం, త్రాగునీరు ఉంటాయి, ఇద్దరు పెద్దలు వంతులవారీగా ఉండడానికి ఒప్పుకొన్నారు. ఇంకా నలుగురు కావాలి. ఆదివారం ఫజర్ తరువాత అరగంట తండ్రీబిడ్డలు కలిసి కూర్చొనే తరగతి. రాత్రి షిఫ్టు నుండి నేరుగా వచ్చేవారికి చాయ్ ఉంటుంది, నిద్ర వస్తే గోడకు ఆనుకొని వినవచ్చు, అభ్యంతరం లేదు. ఫోనులు గుమ్మం వద్ద పెట్టెలో ఉంచాలి, ముందుగా తండ్రులవి. ఈత నేర్పగలవారు, ఈత బాగా వచ్చిన పెద్దవారు, నమాజు తరువాత మాకు పేర్లు ఇవ్వండి. వేసవి సెలవులలోగా ఏర్పాటు చేస్తాము.

ఇంతే మా మాట. మా కోసం, మీ కోసం, మన సంతానం కోసం, వారికి పుట్టబోయే సంతానం కోసం అల్లాహ్ క్షమాభిక్షను వేడుకొంటున్నాము. మీరూ వేడుకొనండి.